గురవమ్మ మోకాలు

పిడుగురాళ్ల చుట్టుపక్కల ఎముక విరిగినా, కీలు తప్పినా నాగులు దగ్గరికే తీసుకొచ్చేవారు. సున్నపురాయి తవ్వే చోట దెబ్బలకు కొదవ లేదు. కట్టు కట్టే ముందు బాగున్న కాలిని కూడా చేత్తో తడిమి, దాని పోలికన దెబ్బ తగిలినదాన్ని సరిచేయాలని తండ్రి నేర్పాడు. ముప్పై ఏళ్లుగా నాగులు అలాగే చేస్తూ వచ్చాడు, మగవాళ్ల విషయంలో.

1943 ఎండాకాలంలో గురవమ్మను మంచం మీద మోసుకొచ్చారు. ఆమెకు ఇరవై అయిదేళ్లు. రాళ్ల తట్ట నెత్తిన పెట్టుకుని గుంతలోంచి ఎక్కుతూ పక్కకు తిరిగేసరికి మోకాటి చిప్ప బయటి వైపుకు జారిపోయిందట. వెంట వచ్చిన భర్త ఏడుకొండలు గుమ్మం బయటే నిలబడ్డాడు.

నాగులు చిప్పను నెట్టి దాని చోట కూర్చోబెట్టాడు. అయినా కాలు అతని కంటికి నచ్చలేదు. తొడ నుంచి మోకాలి దాకా లోపలికి వాలినట్టు ఉంది. దెబ్బకే ఒంకర పోయిందనుకున్నాడు. రెండో కాలి మీది చీర తొలగించమనడానికి నోరు రాలేదు. కాలు గుంజి, తిన్నగా పెట్టి, గుడ్డుసొన, మినప్పిండి పట్టించి, వెదురు బద్దలు వేసి బిగించాడు.

గురవమ్మ పళ్లు బిగబట్టి, "మామా, నా కాలు మొదట్నించీ ఇంత తిన్నగా లేదు. చానా గుంజుతాంది," అంది.

"కాలంటే కాలేనమ్మా. ఓర్చుకో," అన్నాడు నాగులు.

నొప్పికి నిద్ర లేదని ఆమె రెండుసార్లు కబురు పంపింది. కట్టు కుదురుకునేటప్పుడు అట్లాగే ఉంటుందని అతను తిప్పి పంపాడు. నలభై రోజుల తర్వాత కట్టు విప్పితే మోకాలు కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. బెత్తెడు కూడా వంగలేదు. నూనె రాసి నెల్లాళ్లు తోమినా లాభం లేకపోయింది.

ఆఖరికి నాగులే గురవమ్మనూ ఆమె భర్తనూ రైల్లో గుంటూరు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ పేరు ఇందిర. ఆమె మగవాళ్లను బయటికి పంపి గురవమ్మను చూసింది. తర్వాత, కట్టు కట్టింది తానేనని నాగులు చెప్పుకుంటే లోపలికి పిలిచింది. గురవమ్మను అడిగి, రెండు కాళ్లూ మోకాళ్ల పైదాకా చూపించింది. బాగున్న కాలు కూడా లోపలికే వాలి ఉంది.

"ఆడవాళ్లకు కటి ఎముక వెడల్పు, పెద్దాయనా. అక్కడి నుంచి తొడ ఎముక ఏటవాలుగా మోకాలికి దిగుతుంది. చిప్ప కూడా సాధారణంగా కాస్త చిన్నది, కండ దాన్ని బయటికి లాగుతుంది. అందుకే కొందరికి అటు జారుతుంది. ఈమెది ఒంకర కాదు, ఒంటి తీరే అంత. దాన్ని మగవాడి కాలిలా చేయబోయారు. పైగా అన్నాళ్లు బిగించడంతో కీలు పట్టేసింది."

ఇక వంగుతుందా అని గుమ్మం అవతలి నుంచే ఏడుకొండలు అడిగాడు. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

తిరుగు రైల్లో గురవమ్మ కాలు ఎదుటి బల్ల మీదికి చాచి కూర్చుంది. తప్పు తనదేనని నాగులు ఆమెతోనే చెప్పాడు.

"నేను ఆ రోజే చెప్పా గదా మామా," అంది ఆమె. ఆ తర్వాత ఊరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఆ ఏడే నాగులు తన భార్య నరసమ్మకు కట్టు నేర్పడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ల కాళ్లు రెండూ తడిమి చూడమని, వాళ్లు చెప్పేది వినమని ఒకటికి పదిసార్లు చెప్పేవాడు. క్రోసూరు నుంచి కూడా ఆడవాళ్లు బండ్లు కట్టుకుని ఆమె దగ్గరికి వచ్చేవారు.

గురవమ్మ మళ్లీ తట్ట ఎత్తలేదు. సున్నపు బట్టీ దగ్గర కాలు చాచుకుని కూర్చుని కంకర కొట్టేది. లేవాలంటే ఎవరో ఒకరు చేయి అందించాలి. నాగులు అటు వెళ్లినప్పుడల్లా ఆగి పలకరించేవాడు, ఆమె బదులు పలికేది. మోకాలి మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తేవారు కాదు.