సునంద కూర్చున్న తీరు

నేను ఒక నురగ అచ్చును. చూసినవాళ్లు చిరిగిన పరుపు ముక్క అనుకుని పక్కకి నెడతారు. వాళ్ల తప్పేం లేదు, అలాగే ఉంటాను. రేసు కారులో డ్రైవరు అటూ ఇటూ జారిపోకుండా, ఆ మనిషి వీపుకీ నడుముకీ అతికినట్టు సరిపోయేలా మమ్మల్ని పోస్తారు. ఒకరి అచ్చు ఇంకొకరికి పనికిరాదు. నన్ను సునంద కోసం పోశారు.

సునందది కాకినాడ. పన్నెండు గంటల రేసులో కారు నడపాలని ఆమె పంతం. ఆ రేసులో ఒకే కారుని ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. జట్టు మేనేజరు చంద్రమౌళి గారు అంత తేలిగ్గా ఎవరినీ నమ్మే మనిషి కాదు. "ఈ ఏడాది మామూలు కార్ల పోటీల్లోనూ, ఫార్ములా కార్ల పోటీల్లోనూ మొదటి ముగ్గురిలో నిలబడమ్మా. అప్పుడు మూడో డ్రైవరుగా నిన్ను పరీక్షిస్తాను" అన్నారు. ఫార్ములా కారంటే పైకప్పు లేని ఒంటిసీటు బండి. ఒక కారులో పనికొచ్చే అలవాటు రెండోదాంట్లో కొంప ముంచుతుంది. అయినా ఆమె రెండింటికీ పేరిచ్చేసింది.

మామూలు కార్ల మొదటి పోటీలోనే ఎవడో వచ్చి ఆమె కారు కుడి తలుపుని గుద్దాడు. పక్కటెముక దగ్గర కలుక్కుమంది. ఆ తర్వాత ఊపిరి పీలిస్తే చాలు, పొడిచేది. డాక్టరుకి చెబితే ఆరు వారాలు కారు ఎక్కనివ్వడు, ఆ ఆరు వారాల్లో నాలుగు పోటీలున్నాయి. అందుకని నోరు మెదపలేదు. నేను పుట్టింది ఆ దెబ్బ తగిలిన తొమ్మిదో రోజున.

చెన్నై ట్రాకు పక్కన షెడ్డులో పోశారు నన్ను. పోసింది మస్తాన్, నెల్లూరు మెకానిక్కు. ఆమె అతన్ని బాబాయ్ అనేది. ఖాళీ సీట్లో పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి, దాని మీద ఆమెని కూర్చోబెట్టి, రెండు ద్రవాలు కలిపి సంచిలోకి ఒంపాడు.

"యాడన్నా నొప్పుందా అమ్మాయ్? ఉంటే ఇప్పుడే చెప్పు. ఇది గట్టిపడినాక మళ్లీ మారదు."

"ఏమీ లేదు బాబాయ్."

నేను వేడెక్కి, పొంగి, ఆమె వీపు చుట్టూ ఎక్కుతున్నాను. కుడివైపు నేను తగలగానే ఆమె ఉలిక్కిపడి కొద్దిగా ఎడమకి ఒరిగింది. పావుగంట అలాగే కూర్చుంది. ఆ ఒరుగు నాలో గట్టిపడిపోయింది. అబద్ధం ఆమె చెప్పింది, దాన్ని మోసింది నేను.

తర్వాత రోజులు మావే. ఏ కారుకి తగ్గట్టు ఆ కారుకి మస్తాన్ నా వెనక వైపు కోసేవాడు, లోపలి వైపు మాత్రం ముట్టుకునేవాడు కాదు. ఒక పోటీలో రెండో స్థానం, ఒకదాంట్లో మూడు, కోయంబత్తూరులో ఏకంగా మొదటిది. అన్నీ ఇరవై నిమిషాల పోటీలే. ఎముక అతుక్కుంది, ఆమె మామూలుగా నిటారుగా కూర్చోసాగింది. నేనొక్కదాన్నే ఇంకా ఒరిగి ఉన్నాను.

"ఇది వంకరబోయినట్టుంది తల్లీ. కొత్తది పోద్దాం" అన్నాడు మస్తాన్.

"వద్దు బాబాయ్. ఇది నాకు కలిసొచ్చింది. ఇప్పుడు మార్చి కోరి చెడగొట్టుకోవడం ఎందుకు?"

మస్తాన్ నన్ను తీసుకెళ్లి మళ్లీ సీట్లో పెట్టాడు. అతనూ పోటీ ఉన్న రోజున చిరుగులు పడిన ఒకే చొక్కా వేసుకునే మనిషే. టైర్లలో గాలి పిసరంత తేడా వస్తే ఒప్పుకోని మనుషులు ఈ కలిసిరావడం దగ్గరికొచ్చేసరికి పసిపిల్లలైపోతారు. అప్పట్లో నాకూ గర్వంగానే ఉండేది. సిగ్గు విడిచి చెబుతున్నాను.

ఏడాది చివరికి రెండు రకాల పోటీల్లోనూ ఆమె మొదటి ముగ్గురిలో నిలిచింది. చంద్రమౌళి గారు మాట తప్పలేదు. పన్నెండు గంటల కారులో గంటన్నర దిగకుండా నడపాలి, అదే పరీక్ష. అరగంట దాకా ఆమెని మించినవాళ్లు లేరు. ఆ తర్వాత ఆమె బరువంతా ఎడమ తుంటి మీదికి చేరింది. నేను అటే నెడుతున్నాను మరి, అంతకన్నా నాకు చేతకాదు. ఆ కారులో బ్రేకు తొక్కేది ఎడమకాలితోనే. యాభయ్యో నిమిషంలో ఆ కాలు మొద్దుబారింది. మలుపు దగ్గర బ్రేకు పడలేదు, కారు వెళ్లి కంకరలో ఆగింది.

"ఏమైందమ్మా?"

"కాలు తిమ్మిరెక్కింది సార్."

"ఆ కారు నీ ఒక్కదానిదే కాదు కదమ్మా. ఇంకో ఇద్దరి ప్రాణాలున్నాయి దాంట్లో" అన్నారాయన. గొంతు పెంచలేదు. సాయంత్రానికల్లా మూడో పేరు ఇంకెవరిదో అయింది.

షెడ్డులో మస్తాన్ నన్ను ఒళ్లో పెట్టుకుని లోపలంతా అరచేత్తో తడిమాడు. కుడివైపు ఉబ్బు దగ్గర అతని చెయ్యి ఆగింది.

"పక్కటెముకా?"

సునంద తలూపింది. తర్వాత నన్ను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నా కోసం కాదని తెలుసు, అయినా ఆ కన్నీళ్లు నాలోకే ఇంకాయి.

పదేళ్లయింది. మస్తాన్ పోయాడు. పన్నెండు గంటల రేసు ఆమెకి మళ్లీ దక్కలేదు. ఇప్పుడు ఆ షెడ్డులో అచ్చులు పోసేది సునందే. నేను గోడకి వేలాడుతున్నాను, నా అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి.

నిన్న వరంగల్ నుంచి భార్గవి అని ఒక కొత్త డ్రైవరు వచ్చింది. సంచి మీద కూర్చుంది.

"ఎక్కడైనా నొప్పి ఉందా?"

"ఏం లేదక్కా."

అప్పుడు సునంద చెప్పినంత తొందరగానే చెప్పింది. సునంద కలిపిన ద్రవం చేతిలో పట్టుకుని ఒక్క క్షణం నా వైపు చూసింది. అది గిన్నెలోనే పొంగడం మొదలుపెట్టింది. పొంగనిచ్చి, ఆ గిన్నెని అలాగే తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది. తిరిగొచ్చి ఆ అమ్మాయి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నాకేం తొందర లేదు. ఎక్కడో చెప్పు" అంది.