రోహిణి చేతుల వేడి

నకరికల్లులో ముసురు పట్టిన రోజున, రోహిణి పళ్ళు తోముకోకముందే ఎవరో ఒకరు తడిబట్టతో గడపలో నిలబడేవారు. పిల్లల యూనిఫారాలో, పెళ్ళికి పోయే పిన్నిగారి జాకెట్టో. ఆమె రెండు చేతుల మధ్య కాసేపు పట్టుకుంటే ఆరిపోయేవి. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల చేతులు వేడి. మనసు పెట్టి చేసే పనిలో ఇంకా వేడి. ఊళ్ళో దాన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. ఇస్త్రీ బండి అతను మాత్రం కాస్త గుర్రుగా ఉండేవాడు.

ముప్పై ఏళ్ళ రోహిణికి ఒకటే పిచ్చి, మిరపకాయలు ఆరబెట్టే మిషను. తల్లి దుర్గమ్మ మిరప కోతలకు పోయి పోయి నడుం వంగిన మనిషి. కళ్ళంలో పోసిన కాయ మీద అకాల వాన పడితే రంగు చచ్చి తాలు కాయవుతుంది, ఏడాది కష్టం మట్టిపాలు. అది చూస్తూ పెరిగిన రోహిణి గుంటూరులో ఉద్యోగం మానేసి, తనతో చదివిన ప్రవీణ్ కుమార్‌ను కలుపుకుని స్టార్టప్ పెట్టింది. మూడేళ్ళుగా రేకుల షెడ్డులో బిగించిందే విప్పి, విప్పిందే బిగించి ఇద్దరూ డస్సిపోయారు. మిషను మాత్రం ఆరు గంటల్లో కాయ ఆరబెడుతోంది. కరపత్రాల్లో అదే అచ్చేయించారు.

పోయిన నెల రోహిణికి జ్వరమొచ్చింది. ప్రవీణ్ ఒక్కడే మిషను నడిపాడు. ఆరు గంటలకు కాయ మెత్తగానే ఉంది.

"ట్రేలు తిప్పేది నువ్వే, తలుపు మీద చెయ్యేసి నిలబడేది నువ్వే. మూడేళ్ళూ మనం నోటుబుక్కులో రాసింది మిషను వేడి కాదు రోహిణీ, నీ వేడి" అన్నాడు.

ఊరందరి బట్టలూ ఆరబెట్టిన మనిషికి ఈ ముక్క తట్టలేదంటే నవ్వొస్తుంది గానీ, రోహిణికి నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి అంతా గడియారం ప్రకారమే. గంటకోసారి ప్రవీణ్ ట్రేలు తిప్పి లెక్క రాసేవాడు, ఆ లెక్క ఏ రెండు రోజులూ ఒక్కలా వచ్చేది కాదు. రోహిణి దూరంగా కూర్చుని చూసేది. ప్రాణం పెట్టి చేసిన పనికి దూరంగా కూర్చోవడం కన్నా అలసట ఇంకోటి లేదు.

చివరికి కారంపూడి రైతుల్లో పెద్దమనిషి చెన్నకేశవులు కళ్ళంలో పరీక్ష పెట్టారు. ఆయన సరేనంటే రైతు సంఘం ఇరవై మిషన్లు తీసుకుంటుంది. కాదంటే సోమవారం ప్రవీణ్ వేరే ఉద్యోగంలో చేరతాడు, షెడ్డుకు తాళం పడుతుంది.

పొద్దున ఆరింటికి సగం ఎండిన కాయ పోసి మిషను ఆన్ చేశారు. రోహిణి పక్కనే ఆయన ఇంటి పంచలో మంచమ్మీద కూర్చుని, తన మీద తనకు నమ్మకం లేక, రెండు చేతులూ చన్నీళ్ళ బక్కెట్లో పెట్టుకుంది. చెన్నకేశవులు భార్య శాంతమ్మ మధ్యలో వచ్చి, ఆ కాగిన నీళ్ళు మొగుడి స్నానానికి వంచుకుని, మళ్ళీ చన్నీళ్ళు పోసి పోయింది.

పన్నెండింటికి చెన్నకేశవులు గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. తేమ కొలిచే మీటరు ప్రవీణ్ చేతిలో ఉంది గానీ దాన్నడిగే నాథుడు లేడు. ఆరిన కాయలో గింజ గలగలమనాలి, అంతే. అనలేదు.

"ఏందమ్మాయ్, ఆరు గంటలని కాయితంలో ఏశారుగా? పడమట మబ్బు చూశావా?"

ప్రవీణ్ మంచం దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "పోయి ఒక్క అరగంట చెయ్యేసి రా. ఈ ఒక్కసారికి."

గడియారం పెట్టినవాడే ఆ మాట అన్నాడు. రోహిణికి ప్రాణం మిషను వైపే లాగింది. అరగంట చాలు, మూడేళ్ళ కష్టం గట్టెక్కుతుంది.

"ఇరవై కళ్ళాలకు ఎన్ని చేతులు తెచ్చేది ప్రవీణ్?" అంది. తర్వాత గొంతు పెంచింది. "బాబాయ్, ఆ కాయితం తప్పు. నా చేతులుంటేనే ఆరు గంటలు. ఉత్త మిషనుకు ఎంత పడుద్దో నాకూ తెలవదు. కాయ తీసుకుంటానంటే తీసుకోండి, పట్టలు కప్పుదాం."

చెన్నకేశవులు బక్కెట్లో ఆవిరి చూశాడు, మబ్బు చూశాడు. "ఉండనీయ్. పట్ట కింద మటుకు ఎండుద్దా ఏంది" అని బీడీ ముట్టించాడు.

రెండింటికి వాన పడింది. మిషను తన మానాన తను తిరుగుతోంది. రోహిణి భయపడే ఓపిక కూడా లేక గోడకు జారగిలబడింది. మూడింటికి శాంతమ్మ చెంబు ముంచి, "ఇదేందే, నీళ్ళు చల్లగానే ఉన్నయ్యి!" అంది. రోహిణి చేతులు బయటికి తీసి చున్నీకి తుడుచుకుంది. చున్నీ తడిసి, తడిగానే ఉండిపోయింది.

అయిదింటికి చెన్నకేశవులు మళ్ళీ గుప్పెడు తీసి ఆడించాడు. గలగలమన్నాయి.

"పదకొండు గంటలు" అన్నాడు ప్రవీణ్ నీరసంగా.

"అయితే ఏంది? కళ్ళంలో అయితే ఇంకా చానా రోజులు, అదీ వాన పడకపోతే. ఇరవై రాసుకోండి. ఆ కాయితం మటుకు మార్చండి."

రోహిణి ఇల్లు చేరేసరికి దుర్గమ్మ ఎప్పట్లాగే తడిచీర తెచ్చి చేతుల్లో పెట్టింది. రోహిణి పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. చీర అంచు నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. గెలిచొచ్చిన మనిషికి అప్పుడొచ్చింది ఏడుపు.

దుర్గమ్మ చీర తీసుకుపోయి దండెం మీద వేసి, "రేపటికి ఆరుద్దిలేవే" అంది. వచ్చి పక్కన కూర్చుని, కూతురి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. కాయ కోసి కోసి మొద్దుబారిన చేతులు. అమ్మ చేతులు ఇంత వెచ్చగా ఉంటాయని రోహిణికి ముప్పై ఏళ్ళకు తెలిసింది.