చివరి నుంచి మొదలు

వంట నేర్పే టీచరమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుందని, నిదానంగా నేర్చుకునేవాళ్ళ కోసం పెట్టిన ఆ బడిలో అందరికీ తెలుసు. తెలియనిదల్లా ఆ రోజు పరీక్ష పెట్టడానికొచ్చిన ఆఫీసరుకే.

ఆ పరీక్షలో పాసైతే బుజ్జమ్మ, తల్లి లాండ్రీలో పనికి వెళ్ళొచ్చేదాకా ఇంట్లో ఒక్కతే ఉండొచ్చు. లేకపోతే హాస్టలుకే. అక్కడ వంటగదికి తాళం వేసుంటుంది. బుజ్జమ్మకి ఇరవై రెండేళ్ళు. మాట నిదానం, ఆలోచన నిదానం, చేసిన పనికి మాత్రం వంక పెట్టలేం. తల్లి గోడవారగా నిలబడి చేతిసంచీ పట్టీ నులుముతోంది.

టీ పెట్టాలంటే మొట్టమొదట ఏం చేస్తావని ఆఫీసరు అడిగాడు. గ్లాసు అందిస్తానంది బుజ్జమ్మ. ఆ తర్వాత? వడగడతానంది. ఆ తర్వాత స్టవ్ ఆపుతానంది. ఆయన నవ్వి సున్నా వేశాడు. నవ్వడానికేముందట అందులో!

టీచరమ్మకి ఒళ్ళు మండింది. బడి వంటగదిలో ఏ పనైనా చివరి నుంచే నేర్పుతుందామె. మొదటి నెలంతా టీ తనే పెట్టి, గ్లాసు అందించడం మాత్రం బుజ్జమ్మకి వదిలింది. అది వచ్చాక వడగట్టడం. అలా వెనక్కి నడిచి నడిచి స్టవ్ వెలిగించడం దాకా రావడానికి పదకొండు నెలలు పట్టింది. రోజూ పని ముగించేది తనే కాబట్టి, సగంలో వదిలేశానన్న దిగులు ఆ పిల్లకి ఒక్కరోజూ లేదు. మొదట నేర్చుకున్నదేదో అదే మొదటిదని చెప్పింది, అంతే.

ఇదంతా వివరిస్తే, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు, కాగితంలో అడిగింది వరుస అంటూ ఆఫీసరు పెన్నుకి మూత పెట్టాడు.

"వరుస మీ కాగితానికి కావాలి, టీ మనిషికి కావాలి. ఆ పిల్ల చేతులు చూశాకే మీరు కదిలేది," అంది టీచరమ్మ. తలుపుకి అడ్డంగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది.

బుజ్జమ్మని ఎవరూ లేపలేదు, తనే లేచింది. చేతులు కడుక్కుంది, జుట్టు ముడేసుకుంది, నీళ్ళు, పాలు కొలిచి పోసి, టీపొడి, పంచదార వేసి స్టవ్ వెలిగించింది. పొంగొచ్చేదాకా గిన్నె మీంచి చూపు తిప్పలేదు. స్టవ్ ఆపింది, ఆగిందో లేదో వంగి చూసుకుంది, ఒక్క చుక్క ఒలకకుండా వడగట్టి ఆఫీసరుకి అందించింది.

ఆయన తాగి ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. బుజ్జమ్మ దాన్ని తీసి మళ్ళీ ఆయన చేతికే ఇచ్చింది.

"తాగినవాళ్ళే కడగాలి."

ఆ గదిలో అందరికీ అదే రూలు. చేసేదిలేక ఆయన సింకు దగ్గరికెళ్ళి గ్లాసు కడిగి బోర్లించాడు. చేతులు దులుపుకుంటూ ఇటు తిరిగాడు. వెనకాల పంపు ధారగా పోతూనే ఉంది.

బుజ్జమ్మ వెళ్ళి పంపు కట్టేసింది. ఆయన ముఖం చిన్నబోవడం చూసి జాలిపడింది.

"పర్లేదు సార్. దీనికి హాస్టలుకి పంపరు. రేపు మళ్ళీ చేద్దాం."

ఆఫీసరు పెన్ను మూత తీశాడు. ఆయన సున్నా కొట్టేసేదాకా టీచరమ్మ స్టూలు మీంచి లేవలేదు.