దొరసాని టబ్బుకు తెల్లరంగు

ఇందుకూరుపేట మొత్తానికి టబ్బు ఉన్న ఇల్లు ఒక్కటే. అది చర్చి సంఘ పెద్ద జీవానందం గారిది. మిషన్ బంగళా ఖాళీచేసి దొరసాని ఓడెక్కినప్పుడు ఆమె సామాను వేలం వేశారు. బుద్ధి ఉన్నవాళ్ళు మంచాలూ కుర్చీలూ పట్టుకుపోయారు. జీవానందం గారు మాత్రం పింగాణీ పూత ఉన్న ఇనప టబ్బు తెచ్చుకున్నాడు. ఆ బరువు దించడానికి ఎనిమిదిమంది కావలసివచ్చింది. బండిమీద ఎగిరెగిరి పడి దాని అంచులన్నీ పెచ్చులు లేచాయి. అడుగున అంతకుముందే పూత అరిగి నల్ల ఇనుము బయటపడింది. అయినా సరే, దాన్ని వసారాలో పెట్టి, దుప్పటి కప్పి, ఇంటికొచ్చిన ప్రతివాడికీ దుప్పటి సగం ఎత్తి మంచి వైపు మాత్రం చూపించేవాడు. ఒక్కనాడైనా అందులో దిగి నాలుగు చెంబులు పోసుకున్న పాపాన పోలేదు. ఆయన భార్య రెబెక్కమ్మకు ఆ టబ్బును చూస్తే ఒళ్ళు మంట. దాన్ని చూపించే మనిషిని చూస్తే అంతకన్నా మంట.

పంతొమ్మిదొందల అరవై వేసవిలో కామమ్మ మంచం పట్టింది. దొరసాని ఉన్నన్నాళ్ళూ ఆ టబ్బుకు వేణ్ణీళ్ళు మోసిన మనిషి ఆమే. ఆమె కూతురు జయశీల బాప్తిస్మం తీసుకున్న ఏడాదే జ్వరంతో పోయి, చర్చి సమాధుల దొడ్లో ఉంది. కామమ్మ మాత్రం రేపు తీసుకుంటా మాపు తీసుకుంటా అంటూ గడిపేసింది. బాప్తిస్మం లేనివాళ్ళకు ఆ దొడ్లో చోటు లేదు. గోడవతల తుమ్మల్లో పూడ్చవలసిందే. ఊపిరాడక ఎగబీలుస్తూ కామమ్మ కోరిన కోరిక ఒక్కటే, కూతురి పక్కన పడుకోవాలని.

నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే పాస్టరు హెబ్రోను గారు ఒప్పుకోడు. ఆ సంఘంలో మనిషి పూర్తిగా మునగాలి. అందర్నీ మైపాడు తీసుకుపోయి సముద్రంలో ముంచేవాళ్ళు. కామమ్మను బండెక్కిస్తే సగం దారిలోనే పోయేటట్టుంది. టబ్బు సంగతి ఎత్తింది రెబెక్కమ్మే. వినీ వినగానే జీవానందం గారి మొహం వెలిగిపోయింది. తన టబ్బులో బాప్తిస్మం! సంఘమంతా తన వసారాలో! అంతలోనే ఆ మొహం మాడిపోయింది. సంఘమంతా వస్తే దుప్పటి మొత్తం తియ్యాలి గదా.

ముందు టబ్బు బాగుచెయ్యాలన్నాడు. ఇంకొకరి చెయ్యి పడితే పాడవుతుందట, తనే కూర్చున్నాడు. ఉప్పుకాగితంతో తుప్పు గీకాడు. తెల్లటి సఫేదా పొడిలో అవిసెనూనె పోసి పుట్టీ కలిపి, పెచ్చులు లేచిన గుంటల్లో కూరాడు. మీద తెల్ల పెయింటు పూశాడు. సముద్రపు గాలికి అది ఆరితేగా! ఈగలు వచ్చి అతుక్కున్నాయి. ఈగల్ని ఏరి, మళ్ళీ గీకి, మళ్ళీ పూశాడు. ఈసారి కుంచె గీతలు కనబడుతున్నాయన్నాడు. పాస్టరుగారు వచ్చి వేలితో తాకి, అవునవును ఇంకా జిగటగానే ఉందని కాఫీ తాగి పోయేవాడు. ఆయన గాదెలోకి ఏటా వడ్లు వచ్చేది జీవానందం గారింటి నుంచే.

రెబెక్కమ్మ రోజూ గంజి తీసుకుని కామమ్మ గుడిసెకు పోయేది. గంజి సంగతి కామమ్మకు పట్టేది కాదు.

"ఆరిందామ్మా?" అని అడిగేది.

రేపు ఆరుద్దని చెప్పి వచ్చేటప్పుడు రెబెక్కమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. కామమ్మ ఇంకెన్నాళ్ళో ఉండదని మొగుడికి చెప్పింది. తొందరపడితే పనితనం చెడిపోద్దన్నాడాయన. పాస్టరుగారికి చెప్పింది. పెయింటు ఆరనీమని ఆయనా అన్నాడు. ఈ ఇద్దరు మగాళ్ళూ కలిసి దేవుడి పనికి మెరుగులు దిద్దుతున్నారు గాబోలు అనుకుని పళ్ళు కొరుక్కుంది.

చివరికి ఒకనాడు ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కి నెల్లూరు పోయారు. పాస్టరుగారికి సంఘాల సభ, జీవానందం గారికి ఇంకో డబ్బా పెయింటు. వాళ్ళటు పోగానే పాస్టరుగారి భార్య ప్రమీలమ్మ పరుగెత్తుకొచ్చింది. కామమ్మకు ఎగఊపిరి పట్టిందట.

రెబెక్కమ్మ ఇంకెవరినీ అడగలేదు. ఆడవాళ్ళు నలుగురు కలిసి కామమ్మను నులకమంచంతో సహా మోసుకొచ్చారు. బావి నుంచి బిందెలతో నీళ్ళు తెచ్చి టబ్బు నింపారు. రెబెక్కమ్మ తల వైపు, ప్రమీలమ్మ కాళ్ళ వైపు పట్టుకుని నీళ్ళలోకి దించారు. కామమ్మ చెయ్యి చాపి అంచు తడిమి చూసుకుంది.

"దొరసానికి వేణ్ణీళ్ళు పోస్తిని. నాకు చన్నీళ్ళా అమ్మా?" అంది. ఆ స్థితిలోనూ నవ్వింది.

తండ్రి పేర, కుమారుడి పేర, పరిశుద్ధాత్మ పేర రెబెక్కమ్మ ఆమెను పూర్తిగా ముంచి లేపింది. అడుగున జిగట పెయింటుకు జుట్టు అతుక్కుంటే మెల్లగా విడిపించవలసి వచ్చింది. తడి తుడిచి మంచం మీద పడుకోబెట్టారు. జయశీల పక్కనే గదా అని రెండుసార్లు అడిగి చెప్పించుకుని, మధ్యాహ్నానికి కామమ్మ ఆ వసారాలోనే కన్నుమూసింది.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన జీవానందం గారు మొదట చూసింది టబ్బును.

"రంగు చెడగొట్టినారే!" అన్నాడు. మంచం మీది శవం ఆ తరవాత కనబడింది.

జరిగింది విని పాస్టరుగారు గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు. జీవానందం గారికి మాత్రం ఎక్కడలేని ధర్మపన్నాలూ గుర్తొచ్చాయి. ఆడదాని చేతి బాప్తిస్మం చెల్లదన్నాడు. ఒకరికి ఒప్పుకుంటే రేపు అందరూ అడుగుతారన్నాడు. గోడవతల గుంట తవ్వించమన్నాడు.

రెబెక్కమ్మ వంగి కామమ్మ తల మీది బట్ట తొలగించింది. నెరిసిన జుట్టులో తెల్లరంగు పట్టీలు పట్టీలుగా అంటి ఉంది.

"చెల్లే చేతులు మీ ఇద్దరికీ ఉండాయి. టబ్బు ఇంట్లోనే ఉండాది. ఆమె రోజూ అడిగింది, ఆరిందా అని. మీరు ఈగల్ని ఏరుకుంటా కూర్చున్నారు" అంది. "చెల్లదంటే ఈ రంగు మీ చేతుల్తో కడగండి. కడిగి, గోడవతలికి మీరే మొయ్యండి. ఇంకెవరూ చెయ్యి వెయ్యరు."

పాస్టరుగారు భార్య వైపు చూశాడు.

"నేనూ పట్టుకున్నా. సాక్షిని" అంది ప్రమీలమ్మ. ఆ మనిషి మొగుడికి ఎదురు మాట్లాడడం అదే మొదలు.

హెబ్రోను గారు తలవంచుకుని, జయశీల పక్కన తవ్వమని మనుషుల్ని పంపాడు. మర్నాడు పొద్దున తనే ప్రార్థన చేసి కామమ్మను అక్కడ దించాడు.

సమాధి దగ్గర్నుంచి రెబెక్కమ్మ ఇంటికి వచ్చేసరికి జీవానందం గారు ఆమెకన్నా ముందే వచ్చి, టబ్బు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. అడుగున పెయింటులో కామమ్మ వెంట్రుకలు నాలుగైదు ఇరుక్కుని ఉన్నాయి. వాటిని గోటితో ఒక్కొక్కటే పీకుతున్నాడు.

"ఎంత నున్నగా వచ్చింది చూడు. ఇవి లేకుంటే దొరలు చేసిన పని అనుకుందురు" అన్నాడు.

రెబెక్కమ్మ ఆయన్ని దాటుకుని వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టి, తన ఒక్కదానికి సరిపడా బియ్యం పోసుకుంది.