కుడిచేతి దారం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వేణుమాధవ్ ఆ మాట అన్నాక చాలా రోజులు అతనితో మాట్లాడలేదు. అమెరికాలో మేముండే బాతెల్‌లో మా వీధిలోనే ఉంటాడు, నాకంటే చిన్నవాడు, స్కూబా డైవింగ్‌లో నా జోడీ. పోయిన చలికాలం సముద్రంలో నా వేళ్ళు తెల్లగా పాలిపోయి, ఒంటిని పొడిగా ఉంచే డ్రై సూట్‌లోకి గాలి వదిలే బటన్ నొక్కలేకపోయాను. అతనే నొక్కి నన్ను పైకి తెచ్చాడు. "ఇంకోసారి ఇలా అయితే మీతో దిగను సుమతక్కా," అన్నాడు. జోడీ లేకుండా దిగకూడదు, అతను రాకపోతే నాకు డైవింగే లేదు. యాభై దాటాక దొరికిన ఒకే ఒక్క సరదా అది. తప్పు నాది కాదు, తడి గ్లవ్స్‌ది అని ఎంత వాదిస్తే మాత్రం వేళ్ళు వింటాయా?

అందుకే నీళ్ళు చొరబడని డ్రై గ్లవ్స్ కోసం వెళ్ళాను, అతన్ని ఒక్క మాట అడగకుండా. షాపువాళ్ళు రెండు రకాలిచ్చి ఇంట్లో వేసి చూసుకోమన్నారు. ఒక జత మందం, ఓ పట్టాన చిరగదు. రెండోది పలుచన, లోపల ఉన్ని గ్లవ్స్ వేసుకోవాలి, రాయి గీసుకుంటే చిరుగుతుంది. పోపులపెట్టె ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, ఏది శనగపప్పో ఏది మెంతులో తడిమి చూశాను. మందం గ్లవ్స్‌తో గిన్నె మూతకే పట్టు దొరకలేదు.

"ఆపరేషన్ చేస్తున్నావా, పోపు వేస్తున్నావా?" అంది మా అత్తగారు శేషమ్మ. కాకినాడ నుంచి వచ్చి కొన్నాళ్ళుగా మా దగ్గరే ఉంటోంది. "ఏం ఖర్మే నీకు, ఆ చన్నీళ్ళలో మునగడం? ఇంట్లో వేణ్ణీళ్ళు లేవా?"

"ఉన్నాయత్తయ్యా, చేపలే లేవు."

ఆవిడ నవ్వలేదు. నా ఎడమచేయి పట్టుకుని మణికట్టుకు కాశీదారం కట్టింది. "తీయనని మాటివ్వు. ఇదుంటే తిరిగొస్తావు." నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడ ముడి మీద ముడి వేస్తూనే ఉంది. మాటిచ్చాను. పలుచని గ్లవ్స్ ఉంచుకున్నాను.

ఆదివారం దిగుదామని వేణుకి మెసేజ్ మాత్రం పెట్టాను. అసలు చిక్కు ఆ రోజు ఒడ్డున వచ్చింది. డ్రై సూట్ చేతి చివర మణికట్టును బిగించి పట్టుకునే రబ్బరు సీల్ ఉంటుంది. దాని కింద ఏదున్నా నీళ్ళు కారతాయని క్లాసులో నేర్పారు. చెబితే వేణు కత్తెర తీస్తాడు. నోరు మూసుకుని దారం మీదే సీల్ లాక్కుని, పైన గ్లవ్స్‌ని సూట్ చేతికి కలిపే రింగులు బిగించాను.

లోతుకు దిగేకొద్దీ కుడి గ్లవ్ చేతిని పిండేయసాగింది. ముడతలు పడి అతుక్కుపోయింది, వేళ్ళు మొద్దుబారాయి. సూట్ కూడా బిగుసుకుంటోంది, బటన్ నొక్కాలి, కుడిచేయి మాట వినదు. ఇదే నా ఆఖరి డైవ్ అనుకున్నాను. ఏడుపొచ్చింది. మాస్కులో ఏడవడమంత దండగ పని ఇంకోటి లేదు. అప్పుడు ఎడమచేయి ఎత్తాను. అది వెచ్చగా ఉంది, వేళ్ళు హాయిగా కదులుతున్నాయి. ఆ చేత్తోనే నొక్కాను. వేణు పక్కనే ఉండి చూస్తున్నాడు.

ఒడ్డున గ్లవ్స్ తీయగానే అతనికి దారం కనబడింది. "సీల్ కింద దారమా? పిచ్చా అక్కా మీకు?" అన్నాడు. నా తెల్లటి కుడి వేళ్ళూ, మామూలుగా ఉన్న ఎడమ వేళ్ళూ చూశాక మెత్తబడ్డాడు. "డ్రై గ్లవ్స్‌కి రూల్ వేరు. దారం సందులోంచి సూట్‌లో గాలి ఎడమ గ్లవ్‌లోకి వెళ్ళింది, అందుకే అది పిండలేదు. గ్లవ్ చిరిగితే మాత్రం నీళ్ళు స్లీవ్‌లోకొస్తాయి, కేర్‌ఫుల్‌గా ఉండాలి. అడిగితే ముందే చెప్పేవాణ్ణి, మీరు మాట్లాడితేగా."

"ఇప్పుడు మాట్లాడుతున్నాగా. మళ్ళీ వస్తావా?"

"రెండో చేతికీ ఏదైనా పెట్టుకోండి. షాపులో సీల్ కింద దూర్చే చిన్న ట్యూబులు అమ్ముతారు. నెక్స్ట్ సండే నేనే పికప్ చేస్తా."

ఇంటికొచ్చి అత్తగారి ముందు కుడిచేయి చాచాను. "దీనికీ కట్టండి."

"ఆడాళ్ళకి కుడిచేతికి కట్టకూడదే. దోషం."

సీల్, గాలి, ట్యూబు అన్నీ చెప్పబోయాను. ఆవిడ అప్పటికే నా కుడి వేళ్ళు పట్టుకుని చూస్తోంది. అవింకా చల్లగానే ఉన్నాయి. రెండు చేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్దింది. తర్వాత తన మణికట్టు మీది పాత దారం పళ్ళతో ముడి లాగి విప్పి, నా కుడిచేతికి కట్టింది.

"ఇది నాది. దోషమంటూ ఉంటే నాకే తగుల్తుందిలే," అంది.