కోటు మీద అనుమానం

కోటే అయి ఉండాలి, గుల్లల్లో విషం ఉన్నట్టు పరీక్షలో తేలడానికి ఇంకేం కారణమవుతుంది, వానకు తడవని ఆ నీలం కోటు జనరల్ బజార్‌లో బేరమాడి కొన్నది నేనే, ఐస్ పెట్టెలో పెట్టి లీలాకుమారి వదినకు పంపిందీ నేనే, మాలో ఎవరి గిన్నె వాళ్లకు ఖాళీగా తిరిగి ఇవ్వరు, గుప్పెడు పంచదారైనా పోసి ఇస్తారు, మరి పెట్టె ఎలా ఖాళీగా పంపను, ఉప్పుటేట్లో ఏరిన గుల్లల్ని మా ల్యాబ్ పరీక్షలకని వదిన పంపుతుంది, అడుగున అరిటాకులో చుట్టి నా కూరకని మరికొన్ని పెడుతుంది, పెట్టె తిరిగి రైలెక్కేటప్పుడు అందులో నావి బిస్కెట్లో జాకెట్టు గుడ్డో ఉంటాయి, ఈసారి కోటు, వానలో వంగి బురద తవ్వే మనిషి తడవకూడదని, ఇంత చదివిన మొద్దును, నీళ్లంటకుండా గుడ్డకు పూసేదీ మేం గుల్లల్లో వెతికేదీ ఒకే జాతి రసాయనమని తెలిసి కూడా ఆ పూట తోచలేదు, అభిమానం ముంచుకొస్తే బుర్ర పనిచేయదు కాబోలు.

ఆ రసాయనం కుళ్లదు, విరగదు, ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి కదలదు, అన్నేళ్లు నన్ను అంటిపెట్టుకుని ఉన్నది ఇంకేదీ లేదు, పద్మారావు నగర్‌లో నా పక్క వాటావాళ్లు ఏడాదికొకరు మారతారు, పేరు నేర్చుకునేలోపే సామాను లారీ ఎక్కుతుంది, ఏంది మేడం, మళ్ల గా గుల్లలనే షురూ చేసిండ్రు, జెర రిపోర్ట్ ఇచ్చేస్తే అయిపోతది గదా, అని మా ల్యాబ్ అసిస్టెంట్ తిరుమల్ నా బల్ల మీద టీ పెడుతున్నాడు, మంచివాడు, ఇంతలో వాళ్లావిడ ఫోన్, ఉప్మాలో ఉప్పు ఎక్కువైందా అని అడుగుతోంది, అంత చిన్న మాటకు ఫోన్ చేసుకునే మనుషులుంటారు, నా ఫోన్‌కు వచ్చేవి బ్యాంకు మెసేజ్‌లు, నాకు ఏడుపొచ్చేలా ఉంది, టీ బాగుందని చెప్పాను.

కోటే అయితే మంచిది, నమూనాలు పాడయ్యాయి సార్, తప్పు నాదే అంటాను, మా పై అధికారి పురుషోత్తం గారు కేకలేస్తారు, ఉద్యోగం పోతే పోనీ, ఏరు మాత్రం బాగున్నట్టే, ఏటి ఒడ్డున వదిన ఉండే ఆ పేట ఆడవాళ్లందరి కూడూ గుల్లలే, ఏరుకుని సంతలో అమ్ముతారు, మిగిలినవి పిల్లల కంచాల్లోకి, నా కంచంలోకీ, ఆదివారం కొబ్బరి వేసి వండుకుని గిన్నె ఊడ్చేసింది నేను కాదా, గుల్లల్ని మళ్లీ మళ్లీ మిషన్‌కు ఎక్కించాను, ప్రతిసారీ ఆ రసాయనం గీత కొండలా లేచింది, నీళ్ల సీసా పరీక్షను మాత్రం ఇవాళ్టి దాకా వెనక్కి నెడుతూ వచ్చాను, గుల్లలు ఏరే చోట వదిన మూత తీసి ఉంచి, ఏరడం అయ్యాక బిగించి పంపే నీళ్లు అవి, ఏటివి కావు, మా ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన నీళ్లు, కోటు తొడుక్కుని, కోటు తగిలిన చేతులతోనే ఆ సీసానూ తెరిచింది, కోటు నుంచి ఏమైనా రాలితే ఆ నీళ్లలోనూ కనబడి తీరాలి, కనబడాలి, దేవుడా, కనబడనీ, తప్పు నాది కానీ.

కనబడలేదు, నీళ్ల గీత నేలను వదిలి లేవలేదు, కోటు తప్పేం లేదు, నా తప్పూ లేదు, నిర్దోషినని తేలినందుకు కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను, పాడైంది ఏరే, రిపోర్టు పై ఆఫీసులన్నీ తిరిగి ఆ పేటకు చేరేసరికి పిల్లలు ఎన్ని గుల్లలు తింటారో, ముందుగా బయటివాళ్లకు చెప్పకూడదని రూలుంది, వదిన బయటి మనిషా, మెట్ల మీదికి వెళ్లి ఫోన్ చేశాను, వదినా, గుల్లలు తినకండి, పిల్లలకు పెట్టకండి, పేటలో అందరికీ చెప్పు, ఏట్లో విషం ఉంది అన్నాను, ఎన్నాళ్లమ్మా అంది ఆవిడ, తెలీదు వదినా అన్నాను, మరి నీకేం పంపను అంది, ఏమీ వద్దు అన్నాను.

పెట్టె అందిందని చెప్పడానికేగా నువ్వు ఫోన్ చేసేది, అంది వదిన, మీ అన్నయ్య పోయాక ఆ ఒక్క ఫోన్ కోసమే కదమ్మా, ఈ మోకాళ్లతో బురదలోకి దిగుతున్నాను.

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను, పై నుంచి తిరుమల్ మేడం మేడం అని పిలుస్తున్నాడు, అవతల ఆవిడ ఊపిరి వినబడుతూనే ఉంది, పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు, ఇన్నాళ్లూ నాకెవరూ లేరని నా మీద నేనే జాలిపడుతూ ఆదివారాలు వెళ్లదీశాను, నా గొంతు వినడానికి ఒక మనిషి విషంలో దిగి నిలబడుతోందని తెలియలేదు, ఏ పెట్టే రాకపోయినా, ఏ పనీ లేకపోయినా, తిన్నావా వదినా అని అడగవచ్చని తోచలేదు, నేను ఒంటరిదాన్నయింది ఎవరూ లేక కాదు, నేనే పలకరించక.