వెనక చెక్క

నేను ఒక విన్నపాల పెట్టెను. ప్రార్థన కోరుకునే విశ్వాసులు తమ బాధలు చీటీల మీద రాసి నా నోట్లో వేసేవారు. ఇప్పుడు నన్ను చూస్తే మందుల పెట్టె అనుకుంటారు, అదీ నిజమే. నేను చెప్పేదంతా నమ్మమని మాత్రం అడగను. నమ్మమని అడిగేవాళ్ళను మరీ దగ్గరనుంచి చూశాను కాబట్టి ఆ మాటంటేనే నాకు పడదు.

నన్ను చేసినవాడు జక్రయ్య అనే వడ్రంగి. చీరాల దగ్గర ఒక పేటలో చర్చి బల్లలు విరిగిపోతే, ఆ చెక్కతోనే నన్ను బిగించాడు. ముందు వైపు సన్నని సందు, దాని కింద చిన్న తలుపు, తలుపుకు ఇత్తడి తాళం. వెనక చెక్కకు ఆరు మేకులు కొట్టాడు. "ఎనక ఎవరు చూడొచ్చార్లే" అని అటువైపు రంగు కూడా వెయ్యలేదు.

మొదట దేవవరం అయ్యగారి చేతిలో పడ్డాను. ఆ పేటలో పాస్టరును అయ్యగారనే పిలుస్తారు. ఆయన ముసలాయన, చూపు ఆనదు. శనివారం తాళం తీసి, చీటీలు ఒళ్ళో పెట్టుకుని, చదవకుండానే ప్రార్థన చేసేవారు. "రాసినోళ్ళకి తెలుసు, పైనున్నాయనకి తెలుసు. మజ్జెలో నాకెందుకయ్యా?" అనేవారు. చూపు లేదు కాబట్టి ఇలా కబుర్లు చెబుతున్నారేమోనని అప్పట్లో అనుమానించాను. నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. కానీ ఆ ఒక్క మనిషిని అనుమానించినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆయన పోయాక జయకర్ అయ్యగారు వచ్చారు. తెల్ల లాల్చీ, కంచు గొంతు. వచ్చిన నెలకే నా తాళం చెవిని అందరి ముందూ సంఘపెద్ద యోబు గారి చేతిలో పెట్టారు. "నెలకొకసారి, మొదటి ఆదివారం నాడు, పెద్దాయనే తెరుస్తారు. అప్పటిదాకా ఈ చీటీలు దేవునికీ మీకూ మధ్య రహస్యం" అన్నారు. జనం స్తోత్రం అన్నారు. యోబు గారు కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ చెవిని మొలతాడుకు కట్టుకుని, గంటకోసారి ఉందా లేదా అని తడుముకునేవారు.

ఆ వారంలోనే జయకర్ అయ్యగారు నా వెనక మేకులు పీకి రెండు స్క్రూలు బిగించారు. నన్ను గోడకు ఆనించి పెట్టారు.

ప్రతి శనివారం మధ్యాహ్నం, భోజనం అయ్యాక, చర్చి తలుపు గడియ పెట్టి వచ్చేవారు. స్క్రూలు తిప్పి, చీటీలు చదివి, మళ్ళీ మడిచి లోపల వేసేవారు. పావుగంట పని. మర్నాడు ప్రసంగం మధ్యలో కళ్ళు మూసుకుని "ఒక ఇంటిని చూస్తున్నాను..." అనేవారు. ఆయన చూసింది ఇంటిని కాదు, నా పొట్టను. తమ గుట్టు దేవుడే ఆయనకు చెప్పాడనుకున్నాక జనం ఇక దేనికి ఎదురు చెబుతారు? ఎవరు ఎవరితో మాట్లాడాలో, ఎవరి గడప తొక్కకూడదో కూడా ఆయన దర్శనాల్లోనే తేలేది. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, శనివారం చదివిన సంగతి ఆదివారానికి నిజంగానే మరిచిపోతారేమో అనిపించేది. ఆ అనుమానం నాకు ఇంకా తీరలేదు.

ఇలా ఉండగా ఎలీసమ్మ చీటీ వచ్చింది. ఎలీసమ్మ కాగితం కవర్లు అంటించి కిరాణా కొట్లకు వేసే మనిషి. కావలి నుంచి ఈ పేటకు కోడలిగా వచ్చింది. భర్త పోయాడు. షారోను అని పదహారేళ్ళ కూతురుంది. ఆ పిల్లకు మూర్ఛ. రెండు పూటలా తెల్ల మాత్ర వేసుకుంటే బాగానే ఉండేది. ఒకరోజు మాత్ర మరిచిపోయి నీళ్ళ తొట్టి దగ్గర పడిపోయింది. తల్లి హడలిపోయి, పేటలో ఎవరికీ చెప్పని ఆ సంగతిని చీటీ మీద రాసి నాలో వేసింది.

ఆదివారం అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. "ఒక బిడ్డ నీళ్ళ దగ్గర పడిపోతోంది. చేతిలో తెల్ల మాత్ర కనిపిస్తోంది. అమ్మా, నువ్వు దేవుణ్ణి నమ్ముతావా, మాత్రను నమ్ముతావా? అది మింగినంత కాలం ఆ దురాత్మ వదలదు. ఈ మాట దాటితే బిడ్డ నీకు దక్కదు!"

ఎలీసమ్మ ఏడుస్తూ ఇంటికి పరుగెత్తి, ఉన్న మాత్రల షీట్లు మూడూ తెచ్చి నా నోట్లో కుక్కింది. ఆ పిల్ల ప్రాణం నా అడుగున పడి ఉంది, నాకు చేతుల్లేవు. ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

మూడు వారాల్లో షారోను నాలుగుసార్లు పడింది. ఒకసారి ఆరాధనలోనే నాలుక తెగి చాప మీద రక్తం కారింది. ఆడవాళ్ళు పట్టుకోబోతే అయ్యగారు "తాకొద్దు, వదిలి పోతోంది" అన్నారు. పోలేదు. అప్పుడు ఇంట్లో దాచిన పాపమేదో ఉందని తల్లినీ పిల్లనూ మూడు రోజులు పస్తుంచారు.

మొదటి ఆదివారం వచ్చింది. యోబు గారు తాళం తీసి చీటీలు పళ్ళెంలో పోశారు. అయ్యగారు మాత్రల షీట్లు ఎత్తి అందరికీ చూపించి, సాక్ష్యంగా ఉండనివ్వమని మళ్ళీ నాలోనే వేయించారు. చీటీల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాక కాల్చేయడం ఆనవాయితీ. ముందు వరసలో కూర్చున్న ఎలీసమ్మ పళ్ళెంలోకి చూసింది. ఏళ్ళ తరబడి కవర్లు మడిచిన చేతులు ఆమెవి. ఏ కాగితం మడిచినా చివరను లోపలికి దోపి గోటితో గీస్తుంది. ఆ చీటీ కాగితం ఆమెదే, మడత మాత్రం ఆమెది కాదు.

అయినా వెంటనే మాత్రలు కొనలేకపోయింది. బిడ్డ దక్కదన్న మాట ఆమెను పట్టుకుని ఉంది. నిజంగా దేవుడే చెప్పి ఉంటే? అది తేల్చుకోవడానికి బుధవారం ఇంకో చీటీ రాసి, చివర దోపి, నాలో వేసింది. "మా అన్న సుందర్రావు మస్కట్‌లో జైల్లో ఉన్నాడు. విడుదల కోసం ప్రార్థించండి." శనివారం స్క్రూలు తిరుగుతుంటే నేను పుట్టాక మొదటిసారి ప్రార్థన చేశాను. చదువు అయ్యగారూ, దీన్ని తప్పకుండా చదువు.

చదివారు.

"ఎడారి దేశం చూస్తున్నాను. ఇనుప ఊచలు! ఎలీసమ్మా, నీ అన్న ఏడుస్తున్నాడు. నీ అవిశ్వాసం వల్లే ఆ తలుపు తెరుచుకోవడం లేదు" అన్నారు ఆదివారం. జనం స్తోత్రం, స్తోత్రం అన్నారు.

తర్వాత సాక్ష్యాల సమయం. సాక్ష్యం చెప్పేవాళ్ళను ఎవరూ మధ్యలో ఆపకూడదని ఆ సంఘంలో కట్టుబాటు. దాన్ని పెట్టింది అయ్యగారే, ఎందుకంటే అందరూ ఆయన గొప్పే చెప్పేవారు. ఎలీసమ్మ తలమీద కొంగు సర్దుకుని లేచింది.

"అయ్యగారూ, మా అమ్మకి నేనొక్కదాన్నేనండీ. నాకు అన్న లేడు. అబద్ధం రాసి పెట్టెలో ఏశాను. దేవుడికైతే అది అబద్ధమని తెలవదా అండీ?"

"సాతాను మాట్లాడుతోంది, కూర్చోబెట్టండి!" అని అయ్యగారు అరిచారు. ఇద్దరు లేచారు కూడా.

"సాచ్చెం ఆపగూడదని తమరే చెప్పారు గదయ్యా" అన్నారు యోబు గారు.

ఎలీసమ్మ వచ్చి, ముందున్న తాళం వేసినట్టే ఉండటం చూసి, నన్ను గోడ నుంచి జరిపి వెనక్కి తిప్పింది. వీపంతా రంగు లేని మురికి చెక్క. రెండు స్క్రూలు మాత్రం రోజూ తోమే గిన్నెల్లా మెరుస్తున్నాయి. "యోబన్నా, తాళం చెవి నీకాడే ఉందిగా. మరి ఇయ్యేంది?"

యోబు గారు వాటిని బొటనవేలితో రుద్ది చూశారు. రిటైరైనా టెస్టరు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకోవడం ఆయన మానలేదు. అది తీసి రెండు స్క్రూలూ తిప్పారు. చెక్క ఊడిపడింది, దానితో పాటు మాత్రల షీట్లూ పడ్డాయి.

ఎలీసమ్మ ఒక మాత్ర చింపి తీసింది. ప్రసంగ పీఠం మీద అయ్యగారి మంచినీళ్ళ గ్లాసు ఉంటే, అడగకుండా అందుకుని, షారోను చేతికిచ్చింది. పిల్ల మింగుతుంటే తల్లి కళ్ళు గట్టిగా మూసుకుంది. దేవుడు అక్కడికక్కడే తన బిడ్డను పడగొడతాడేమోనని ఆమె ఇంకా భయపడుతూనే ఉంది. షారోను నీళ్ళన్నీ తాగి, "అమ్మా, ఆకలేస్తంది" అంది.

మర్నాడు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ తల్లిని చెడామడా తిట్టి మందులు మళ్ళీ మొదలుపెట్టింది. సంఘంలో సగం మంది ఇప్పటికీ ఎలీసమ్మ ఎదురైతే మొహం తిప్పుకుంటారు. జయకర్ అయ్యగారు వేరే ఊళ్ళో సంఘం పెట్టారని, అక్కడా దర్శనాలు బాగా వస్తున్నాయని విన్నాను. అక్కడి పెట్టెను ఎవరైనా వెనక్కి తిప్పి చూశారో లేదో తెలియదు. చూడరనే నా అనుమానం.

యోబు గారు తాళం చెవిని కాలవలో పారేసి, నన్ను తెచ్చి ఎలీసమ్మ గడపలో పెట్టి వెళ్ళిపోయారు. నా వెనక చెక్కను మళ్ళీ బిగించలేదు. రెండు పూటలా షారోను అటునుంచే చెయ్యి పెట్టి మాత్ర తీసుకుంటుంది. ఎలీసమ్మ పొద్దున్నే కవర్లు అంటించే ముందు నా పక్కనే మోకాళ్ళూని, కూతురి పేరు, యోబు గారి పేరు, ఒక్కోసారి జయకర్ అయ్యగారి పేరు కూడా చెప్పి ప్రార్థన చేస్తుంది. అంతా నోటితోనే చెప్పుకుంటుంది. చీటీ మాత్రం రాయదు.